లైనక్స్‌లో నెట్ రాట్లేదా? ఎక్కడ తెగిందో వరసగా పట్టుకోవడం ఎలా

"లైనక్స్ వేశా, అంతా బాగుంది, నెట్ ఒక్కటే రాట్లేదు." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాసి పెడదామని కూర్చున్నా. నేను తిరిగి అడిగేది ఎప్పుడూ ఒకటే, రాట్లేదంటే ఏం రాట్లేదు? వైఫై పేర్లే కనపడట్లేదంటే అదో జబ్బు, పేరు కనపడి కనెక్ట్ అవ్వట్లేదంటే ఇంకో జబ్బు, కనెక్ట్ అయినట్టు పైన గుర్తు చూపిస్తూనే బ్రౌజర్లో ఏదీ తెరుచుకోట్లేదంటే అది పూర్తిగా వేరే, మూడింటికీ ఒకే మందు లేదు.

చాలామంది ఏం చేస్తారంటే ఎక్కడో దొరికిన కమాండ్లు పది వరసగా పేస్ట్ చేసేస్తారు. పదోది పనిచేస్తే అసలు ఏది పనిచేసిందో తెలీదు, పనిచెయ్యకపోతే ఉన్న తప్పుకి కొత్తవి ఇంకో మూడు తోడవుతాయి. అలా కాకుండా మన మెషీన్ దగ్గర మొదలుపెట్టి బయటికి ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్దాం: ముందు కార్డు (మెషీన్లో నెట్ అందుకునే భాగం), తర్వాత రూటర్, ఆ తర్వాత బయటి నెట్, చివర్లో పేర్లు వెతికే డీఎన్ఎస్. ఏ అడుగు దగ్గర ఆగిందో అక్కడే రిపేరు, మిగతావాటి జోలికి వెళ్ళొద్దు.

ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ డెస్క్‌టాప్ ఇలా ఏది వేసినా దాదాపు అన్నిట్లో నెట్ వ్యవహారం చూసేది నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రామే, కాబట్టి కింద చెప్పినవి అన్నిటికీ వర్తిస్తాయి, మెనూల పేర్లు అటూఇటూ ఉంటాయంతే.

ఇంకో సంగతి, కమాండ్లని ఇక్కడ పలికేట్టు తెలుగులో రాశాను. టెర్మినల్లో (మెనూలో ఆ పేరుతో వెతికితే వచ్చే, కమాండ్లు కొట్టే కిటికీలో) మాత్రం ఇంగ్లీష్ చిన్నక్షరాల్లోనే కొట్టాలి, పెద్దక్షరం కావాల్సిన చోట నేనే చెప్తా. ఇక్కడ ఖాళీ ఉన్నచోట అక్కడా స్పేస్ ఉండాలి.

కావాల్సినవి

- డేటా ఉన్న ఫోను, దాని యూఎస్‌బీ కేబుల్. ఛార్జింగ్ మాత్రమే ఎక్కే చవకరకం కేబుల్ పనికిరాదు, ఫైళ్ళు కాపీ అయ్యే కేబుల్ అయ్యుండాలి.
- దొరికితే ఒక ఈథర్నెట్ కేబుల్.
- లైనక్స్ ఇన్‌స్టాల్ చేసినప్పటి పెన్‌డ్రైవ్. దాన్ని ఫార్మాట్ చేసేసుంటే మాత్రం తొందరపడ్డారు.
- మీ లాగిన్ పాస్‌వర్డ్. సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది) అడిగినప్పుడు టైప్ చేస్తుంటే స్క్రీన్ మీద చుక్కలు కూడా పడకపోవచ్చు, కీబోర్డు పాడవ్వలేదు, అది అంతే, కొట్టేసి ఎంటర్ నొక్కండి.
- కాగితం, పెన్ను. ఏం మార్చారో రాసుకోకపోతే మళ్ళీ వెనక్కి తిప్పలేరు.

1. ముందు తప్పు లైన్‌దా, మీ మెషీన్‌దా తేల్చుకోండి

ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి అదే వైఫైకి కలిపి, ఇంతకుముందు తెరవని సైటు ఏదైనా తెరవండి. మొబైల్ డేటా ఆపడం మర్చిపోతే ఈ పరీక్షకి అర్థమే లేదు, ఎందుకంటే వైఫైలో నెట్ లేదని తెలియగానే ఫోను చడీచప్పుడు లేకుండా డేటాకి మారిపోతుంది, మీరేమో "ఫోన్లో వస్తోంది, లైనక్స్‌లోనే రాట్లేదు" అని రాత్రంతా లైనక్స్‌ని తిడుతూ కూర్చుంటారు.

ఫోన్లో కూడా రాకపోతే గోల లైనక్స్‌ది కాదు. రూటర్ స్విచ్ ఆపి అర నిమిషం ఆగి వెయ్యండి, లైట్లన్నీ సర్దుకోడానికి రెండు మూడు నిమిషాలు ఇవ్వండి. ఫైబర్ బాక్సు మీద ఎల్ఓఎస్ అన్న లైటు ఎర్రగా ఉందంటే వెలుతురు మీ ఇంటిదాకా రావట్లేదు, దానికి మీరు చేసేదేం లేదు, కనెక్షన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చెయ్యాల్సిందే.

ఫోన్లో వస్తుంటే ముందుకి పదండి. ఒకవేళ ఈథర్నెట్ కేబుల్ పెట్టగానే నెట్ వచ్చేస్తే ఇంకా మంచిది, సమస్య వైఫై దగ్గరే అని తేలిపోయింది, 5 నుంచి 7 అడుగులు ప్రస్తుతానికి వదిలేసి 2, 3, 4 చూసుకుంటే చాలు.

2. స్విచ్‌లు చూడండి

నవ్వొద్దు, నేను ఒక సాయంత్రమంతా దీనికే బలయ్యాను. ల్యాప్‌టాప్ కీబోర్డు మీద దుమ్ము గుడ్డతో తుడిచి, ఆన్ చేసి చూస్తే వైఫై పేరు ఒక్కటీ లేదు. డ్రైవర్ (కార్డుని నడిపే ప్రోగ్రామ్) పోయిందనుకుని డ్రైవర్ తీసేశా, మళ్ళీ వేశా, పాత కెర్నల్‌తో (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం అది) బూట్ చేశా, తీరా చూస్తే పైవరసలో విమానం బొమ్మ ఉన్న కీ గుడ్డ తగిలి నొక్కుకుపోయింది. అది మళ్ళీ నొక్కితే ఒక్క సెకన్లో పేర్లన్నీ వచ్చేశాయి. అప్పటినుంచీ నా మొదటి కమాండ్ ఇదే:

ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్

ఇందులో వైర్‌లెస్ లాన్ అన్న పేరు కింద రెండు లైన్లుంటాయి. సాఫ్ట్ బ్లాక్డ్ ఎదురుగా ఎస్ (అంటే అవును) అని ఉంటే సాఫ్ట్‌వేర్ ఆపేసింది, దానికి మందు:

సుడో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై

హార్డ్ బ్లాక్డ్ ఎదురుగా ఎస్ ఉంటే ఏ కమాండూ పనిచెయ్యదు, అది బటనో, పక్కన ఉండే చిన్న స్లైడరో, ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కే విమానం కీయో. కొన్ని మెషీన్లలో బయాస్‌లో (ఆన్ చెయ్యగానే లైనక్స్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) కూడా వైర్‌లెస్ ఆఫ్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది కూడా ఒకసారి చూడండి. రెండు చోట్లా నో ఉంటే మీకు ఈ గొడవ లేదు.

అదే మెషీన్లో విండోస్ కూడా ఉంటే ఇంకో తిరకాసుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, కొన్ని వైఫై కార్డుల్ని అదే స్థితిలో వదిలేస్తుంది, తర్వాత లైనక్స్ వచ్చి ఆ కార్డుని లేపలేక అవస్థపడుతుంది. "విండోస్ నుంచి వచ్చినప్పుడే వైఫై ఉండట్లేదు" అంటే తొంభై పాళ్ళు అనుమానం దీని మీదే పెట్టుకోండి, విండోస్ పవర్ ఆప్షన్స్‌లోకెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యండి.

3. కార్డు లైనక్స్‌కి కనపడుతోందా?

లోపల బిగించిన కార్డయితే:

ఎల్ఎస్‌పీసీఐ -కే

బయట గుచ్చే యూఎస్‌బీ వైఫై ముక్కయితే:

ఎల్ఎస్‌యూఎస్‌బీ

మొదటి దాంట్లో పెద్ద లిస్టు వస్తుంది, నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న మాట ఉన్న చోట ఆగండి. దాని కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న లైను ఉందా లేదా అన్నదే మనకి కావాల్సింది. ఉంటే డ్రైవర్ కూర్చుంది, నాలుగో అడుగుకి వెళ్ళిపోండి. కార్డు పేరుండి ఆ లైను లేకపోతే డ్రైవర్ లేదన్నమాట. కార్డు పేరే లేకపోతే అది ఊడిపోయుండాలి, చచ్చిపోయుండాలి, లేదా బయాస్‌లో ఆపేసుండాలి.

ఇక్కడ కార్డు తయారీదారుని బట్టి కథ మారుతుంది. ఇంటెల్ వాటికి డ్రైవర్ కెర్నల్లోనే ఉంటుంది కాబట్టి మామూలుగా గొడవ పెట్టవు. బ్రాడ్‌కామ్ కార్డులు, యూఎస్‌బీ రియల్‌టెక్ ముక్కలు మాత్రం కొత్తగా వచ్చినవాళ్ళని బాగా ఏడిపిస్తాయి. మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరిస్తే కార్డుకి సరిపోయే డ్రైవర్ చూపిస్తుంది, టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యడమే. డెబియన్ అయితే 2023లో వచ్చిన 12 నుంచి ఇన్‌స్టాలర్‌తోనే ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) కూడా ఇస్తున్నారు, అంతకన్నా పాతది వేసుకునుంటే ఫర్మ్‌వేర్ విడిగా వేసుకోవాలి.

నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ రావాలంటే నెట్ కావాలి, మరెలా? దీనికే ఫోన్ కేబుల్ తెచ్చుకోమన్నది. ఫోన్‌ని యూఎస్‌బీతో గుచ్చి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్నచోటే యూఎస్‌బీ టెథరింగ్ అని ఉంటుంది, అది ఆన్ చెయ్యండి. లైనక్స్ దాన్ని మామూలు వైర్డ్ కనెక్షన్ అనుకుని తీసేసుకుంటుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌కి విడిగా డ్రైవర్ అక్కర్లేదు. ఆ నెట్‌తో అప్‌డేట్లు, డ్రైవర్ రెండూ వేసుకోవచ్చు.

ఒక హెచ్చరిక. సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రామ్‌లని బూట్‌లో ఆపే కాపలా) ఆన్‌లో ఉన్న మెషీన్లో ఇలా బయటి డ్రైవర్ వేస్తే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది, రీస్టార్ట్ అయ్యేటప్పుడు నీలం స్క్రీన్ ఒకటి వచ్చి ఎన్‌రోల్ ఎంఓకే అని చూపిస్తుంది. భయపడి "కంటిన్యూ బూట్" నొక్కేస్తే డ్రైవర్ వేసినట్టే ఉంటుంది కానీ లోడ్ అవ్వదు, మీకు కారణం అంతుపట్టదు. ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని, ఇందాక పెట్టుకున్న పాస్‌వర్డ్ కొట్టండి. అది ఆ ఒక్కసారి వాడే పాస్‌వర్డే, లాగిన్‌ది కాదు.

నిన్నటిదాకా పనిచేసి ఇవాళ అప్‌డేట్ తర్వాత పోయిందా? అయితే బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో (ఏది బూట్ అవ్వాలో అడిగే మెనూ అది) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకెళ్ళి ముందటి కెర్నల్ ఎంచుకోండి. దాంతో నెట్ వస్తే కొత్త కెర్నల్‌కి మీ డ్రైవర్‌కి పడట్లేదని తేలినట్టే. గ్రబ్ మెనూ కనపడకపోతే ఆన్ చెయ్యగానే షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కి చూడండి.

పెన్‌డ్రైవ్ పని కూడా ఇక్కడే. దాంతో లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండా, బూట్ చేస్తే, అందులో వైఫై బాగా పనిచేస్తుంటే హార్డ్‌వేర్‌కి ఏ రోగమూ లేదు, మీ ఇన్‌స్టాల్‌లో ఏదో మారింది. అందులోనూ పనిచెయ్యకపోతే, ఇదివరకు ఇన్‌స్టాల్ చేసినప్పుడు పనిచేసిందని గుర్తుంటే, కార్డునే అనుమానించాలి. చాలా సమయం మిగిల్చే పరీక్ష ఇది, ఎందుకో ఎవరూ చెయ్యరు.

4. రూటర్‌కి నిజంగా అతుక్కున్నారా?

ఎన్ఎంసీఎల్ఐ డివైస్

ఇది కొడితే చిన్న పట్టిక వస్తుంది. ఎడమ పక్క కార్డుల పేర్లు, డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లాంటివి. డబ్ల్యూఎల్‌తో మొదలైతే వైఫై, ఈఎన్‌తో మొదలైతే కేబుల్ కార్డు. ఎల్ఓ అని ఒకటుంటుంది, అది మెషీన్ తనలో తను మాట్లాడుకునేది, దాన్ని పట్టించుకోవద్దు. మీ కార్డు పేరు కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. స్టేట్ అన్న గడి చూడండి:

- కనెక్టెడ్: అయిదుకి వెళ్ళండి.
- డిస్కనెక్టెడ్: కార్డు బాగానే ఉంది, ఇంకా దేనికీ కలవలేదు.
- అనవైలబుల్: రెండో అడుగు సరిగ్గా చెయ్యలేదు, లేదా కేబుల్ గుచ్చలేదు.
- అన్‌మేనేజ్డ్: ఈ కార్డుని ముట్టుకోవద్దని నెట్‌వర్క్‌మేనేజర్‌కి ఎవరో చెప్పారు. ఆ ఎవరో సాధారణంగా మీరే, పాత గైడ్ చూసి ఈటీసీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్లో ఇంటర్‌ఫేసెస్ అనే ఫైల్లో మీ కార్డు పేరు రాసుంటారు. ఆ లైన్ల ముందు హాష్ గుర్తు పెట్టి రీస్టార్ట్ చెయ్యండి.

డిస్కనెక్టెడ్ దగ్గరే ఆగి పాస్‌వర్డ్ మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, ముందు ఆ కనెక్షన్‌ని ఫర్గెట్ చేసి మళ్ళీ కొత్తగా కలపండి. రూటర్ పాస్‌వర్డ్ మార్చాక పాతది లైనక్స్ దగ్గర ఉండిపోవడం మామూలే. పాస్‌వర్డ్ కళ్ళకి కనపడేలా పెట్టుకుని కొట్టండి, కొత్త ఇన్‌స్టాల్‌లో కీబోర్డు లేఅవుట్ తప్పుగా ఎంచుకుంటే ఎట్ గుర్తు నొక్కితే డబుల్ కోట్ పడుతుంది, యూకే లేఅవుట్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది.

పాస్‌వర్డ్ కరెక్టే అయినా కలవట్లేదా, రూటర్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మీద ఉంటే కాసేపు డబ్ల్యూపీఏ2కి మార్చి చూడండి, పాత కార్డులకి 3 అర్థం కాదు. రూటర్లో మ్యాక్ ఫిల్టర్ (లిస్టులో ఉన్న కార్డులనే లోపలికి రానిచ్చేది) పెట్టుంటే మీ కార్డు మ్యాక్ అడ్రస్ అందులో చేర్చండి.

పక్కింటివాళ్ళ వైఫై కనపడుతోంది, మనదే కనపడట్లేదు అంటే అది ఛానల్ గొడవ. 2.4 గిగాహెర్ట్జ్‌లో 12, 13 ఛానళ్ళు అన్ని దేశాల్లోనూ ఒకేలా వాడనివ్వరు, మీ కార్డుకి తను ఏ దేశంలో ఉందో తెలీకపోతే ఆ రెండిటికీ భయపడి దూరంగా ఉంటుంది. రూటర్లో ఛానల్‌ని ఆటో తీసేసి 1, 6, 11లో ఒకటి పెట్టండి. 5 గిగాహెర్ట్జ్ పేరు ఒక్కటే కనపడకపోతే, మీ కార్డుకి అసలు 5 ఉందో లేదో ముందు చూసుకోండి, చవక కార్డుల్లో చాలావాటికి ఉండదు.

5. ఐపీ అడ్రస్ వచ్చిందా?

ఐపీ ఏ

ఐపీ, స్పేస్, ఏ. అంతే. మీ కార్డు పేరు కింద ఐనెట్ అన్న మాటతో మొదలయ్యే లైను వెతకండి, ఐనెట్6 కాదు. దాని పక్కన 192.168 తోనో, 10 తోనో మొదలయ్యే నంబరుంటే రూటర్ మీకు అడ్రస్ ఇచ్చింది. ఎల్ఓ దగ్గర కనిపించే 127.0.0.1 చూసి "ఐపీ ఉందండీ" అనేవాళ్ళు వారానికొకరు తగులుతారు, అది లెక్కలోకి రాదు.

ఐనెట్ లైనే లేకపోయినా, 169.254తో మొదలయ్యే నంబరున్నా, కార్డు అడ్రస్ అడిగింది, రూటర్ జవాబివ్వలేదు. రూటర్ రీస్టార్ట్ చేసి, ఇది కొట్టండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్

ఇందులో నెట్‌వర్క్‌మేనేజర్ రెండు మాటలూ కలిపి, ఎన్, ఎం మాత్రం పెద్దక్షరాలు. చిన్నక్షరాల్లో కొడితే అలాంటి సర్వీస్ లేదంటుంది. సిస్టమ్‌సీటీఎల్ కూడా ఒకటే మాట.

ఎప్పుడో సరదాగా ఐపీని మాన్యువల్ చేసి పెట్టారా? సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్ ఐపీవీ4 ట్యాబ్ తెరిచి ఆటోమేటిక్ మీద ఉందో లేదో చూడండి. రూటర్ మార్చాక పాత రూటర్ నంబర్లు అందులో అలాగే ఉండిపోయి నెట్ పోయిన కేసులు నేనే మూడు నాలుగు చూశా.

6. ఇప్పుడు బయటికి నడవండి

ఇదే అసలు పరీక్ష, దీన్ని మాత్రం ఒక్క మెట్టు కూడా వదలకుండా చెయ్యండి. ముందు రూటర్ నంబరు ఎంతో తెలుసుకోవాలి:

ఐపీ ఆర్

డీఫాల్ట్ వయా అని ఉన్న లైన్లో ఉండే నంబరే రూటర్, మామూలుగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. డీఫాల్ట్ లైను అసలు లేదంటే బయటికి దారి ఎటో మెషీన్‌కి తెలీదు, మళ్ళీ అయిదుకే వెళ్ళాలి. డీఫాల్ట్ లైన్లు రెండుంటే, ఫోన్ టెథరింగ్ తియ్యడం మర్చిపోయారేమో, పాత వీపీఎన్ ఏదైనా నడుస్తోందేమో చూడండి.

మొదటి మెట్టు, రూటర్‌ని పలకరించడం:

పింగ్ -సీ 4 192.168.1.1

చివర మీకు కనపడిన నంబరు పెట్టండి. ఆ సీ 4 ఎందుకంటే విండోస్‌లోలాగా నాలుగుసార్లు చేసి ఆగదు ఇక్కడ పింగ్, మీరు ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. పొరపాటున మొదలైతే కంట్రోల్ సీ.

రెండో మెట్టు, బయట నంబరు:

పింగ్ -సీ 4 8.8.8.8

మూడో మెట్టు, బయట పేరు:

పింగ్ -సీ 4 డెబియన్.ఓఆర్‌జీ

ఇప్పుడు వచ్చిన జవాబులు చదవాలి, ఇక్కడే చాలామంది "ఎర్రర్ వచ్చింది" అని మాత్రమే చెప్పి ఏ ఎర్రరో చెప్పరు. ఒక్కో ఎర్రర్‌కీ ఒక్కో అర్థం:

"నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్" అంటే మెషీన్ గడప కూడా దాటలేదు, దారే లేదు, అయిదో అడుగు.

"డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని, ముందు మీ సొంత ఐపీ నంబరు ఉంటే, దారుంది కానీ ఆ నంబర్‌లో ఎవరూ పలకట్లేదు. రూటర్ నంబరు తప్పు, లేదా వైఫై అతుక్కున్నట్టు నటిస్తోంది, ఒకసారి తెంపి కలపండి.

ఏమీ రాకుండా చివర్న "100% ప్యాకెట్ లాస్" అని వస్తే, మాట వెళ్ళింది, తిరిగి రాలేదు. రూటర్ పలికి 8.8.8.8 పలకకపోతే రూటర్ అవతల తెగింది. అయితే పింగ్‌కి జవాబివ్వకూడదని పెట్టుకున్న చోట్లు కూడా ఉంటాయి, ఒక్కదాన్నే నమ్మకుండా 1.1.1.1 కూడా చూసి అప్పుడు నిర్ణయానికి రండి. ఫోన్లో ఇదే వైఫై మీద నెట్ వస్తూ ఇక్కడ రాకపోతే, రూటర్లో పేరెంటల్ కంట్రోల్ మీ మెషీన్‌ని ఆపుతోందేమో చూడండి.

"టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్" వచ్చి, రెండో మెట్టు బాగానే పనిచేస్తే, శుభం, ఇది అన్నిటికన్నా తేలిక కేసు. నెట్ ఉంది. పేరుని నంబర్‌గా మార్చేవాడే లేడు.

7. డీఎన్ఎస్ రిపేరు

ఇక్కడ అందరూ చేసే తప్పుతో మొదలుపెడతా. ఈటీసీలో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే ఫైలుంది, పాత గైడ్లన్నీ దాన్ని తెరిచి 8.8.8.8 రాసెయ్యమంటాయి. రాస్తే వెంటనే పనిచేస్తుంది కూడా, అదే దరిద్రం, ఎందుకంటే రీస్టార్ట్ చెయ్యగానే ఆ ఫైలుని సిస్టమ్ మళ్ళీ తనే రాసుకుంటుంది, మీరు రాసింది మాయం. అందులో 127.0.0.53 కనపడితే అది తప్పు నంబరు అనుకుని చెరిపేసేవాళ్ళూ ఉన్నారు, ఉబుంటు, మింట్‌లలో అది ఉండాల్సిందే, మీ మెషీన్లోనే ఉండే చిన్న డీఎన్ఎస్ పనివాడి నంబరు అది.

సరైన చోటు నెట్‌వర్క్ సెట్టింగ్స్. మీ కనెక్షన్ పక్కనున్న చక్రం గుర్తు నొక్కి ఐపీవీ4 ట్యాబ్‌కి వెళ్ళండి. డీఎన్ఎస్ పక్కనున్న ఆటోమేటిక్ ఒక్కటే ఆపండి, గడిలో 1.1.1.1, 8.8.8.8 అని కామాతో రాయండి, అప్లై కొట్టండి. పైనున్న మెథడ్‌ని మాత్రం మాన్యువల్‌కి మార్చొద్దు! అది మారిస్తే ఐపీ అడ్రస్ కూడా మీరే ఇవ్వాలి, అదివ్వకపోతే అప్లై బటనే వెలగదు, ఏదో ఒక నంబరు కొట్టి వెలిగిస్తే ఉన్న నెట్ కూడా పోతుంది.

అప్లై చేశాక ఒకసారి కనెక్షన్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యాలి, లేకపోతే పాతదే నడుస్తుంటుంది. పడిందో లేదో చూడ్డానికి:

రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్

రిజాల్వ్‌కి చివర ఈ అక్షరం ఉండాలి, దాని తర్వాత వెంటనే సీటీఎల్. మీ కార్డు పేరు కింద కొత్త నంబర్లు కనపడాలి. ఈ కమాండ్ లేదన్నదంటే మీ లైనక్స్ వేరే పద్ధతి వాడుతోందంతే, మూడో మెట్టు పింగ్ మళ్ళీ చేసి చూస్తే చాలు.

వీపీఎన్ యాప్ వేసి తీసేశాక పేర్లు తెరుచుకోవట్లేదంటే ఆ యాప్ పోతూపోతూ తన డీఎన్ఎస్ వదిలేసి పోయుంటుంది. కనెక్షన్ల లిస్టులో ఆ వీపీఎన్ పేరుతో మిగిలినవి తీసేసి రీస్టార్ట్ చెయ్యండి.

8. పింగ్‌లన్నీ పనిచేస్తున్నాయి, బ్రౌజర్ మాత్రం మొరాయిస్తోంది

గడియారం చూడండి. తేదీ ఏ 2015లోనో ఉంటే ప్రతి సైటూ సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తుంది, పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే సరిగ్గా ఇలాగే అవుతుంది. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ డేట్ ఆన్ చెయ్యండి. తర్వాత ప్రాక్సీ (మధ్యలో ఇంకో సర్వర్ ద్వారా నెట్ వాడే పద్ధతి): సిస్టమ్ సెట్టింగ్స్‌లోనూ, బ్రౌజర్ సెట్టింగ్స్‌లోనూ రెండుచోట్లా నన్ అని ఉండాలి. తర్వాత ఇంకో బ్రౌజర్, అందులో వస్తే మొదటి దాని ఎక్స్‌టెన్షన్లు.

కొన్ని సైట్లు టక్కున వచ్చి కొన్ని అనంతంగా తిరుగుతూ ఉంటే అది ఎంటీయూ కావచ్చు, అంటే ఒక్కసారికి పంపే ముక్క సైజు. ఇలా చూడండి, ఇందులో ఎం పెద్దక్షరం:

పింగ్ -ఎం డూ -ఎస్ 1472 -సీ 4 1.1.1.1

ఇది రాకుండా 1472 బదులు 1464 పెడితే వస్తుంటే మీ లైను పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో రూటర్ లాగిన్ అయ్యే) రకం కావచ్చు, 1500 పట్టే చోట 1492 మాత్రమే పడుతోంది. పింగ్ తనకి 28 కలుపుకుంటుంది కాబట్టి ఆ లెక్క. కనెక్షన్ ఎడిటర్లో వైఫై లేదా ఈథర్నెట్ ట్యాబ్‌లో ఎంటీయూ గడిలో 1492 పెట్టండి. అలా రావట్లేదంటే ఈ గడి ముట్టుకోవద్దు.

9. వచ్చిపోతూ ఉంటే

ల్యాప్‌టాప్ మూసి తెరిచాక పోతున్నా, అయిదు నిమిషాలకోసారి నెట్ నత్తనడక నడుస్తున్నా ముందుగా వైఫై పవర్ సేవింగ్ ఆపి చూడండి:

సుడో ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 సెట్ పవర్_సేవ్ ఆఫ్

కార్డు పేరు మీది పెట్టండి. ఇది రీస్టార్ట్ అయ్యేదాకానే ఉంటుంది, అందుకే పరీక్షకి మంచిది. ఒకరోజు వాడి తేడా కనపడితే అప్పుడు శాశ్వతం చెయ్యండి: ఉబుంటు, మింట్‌లలో ఈటీసీ కింద నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్లో కాన్ఫ్ డాట్ డీ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో వైఫై పవర్‌సేవ్ అన్న పేరున్న ఫైల్లో 3 అని ఉన్నదాన్ని 2 చెయ్యాలి. 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్. బ్యాటరీ కొంచెం త్వరగా దిగుతుంది, తప్పదు.

యూఎస్‌బీ వైఫై ముక్క పక్క పోర్టులోనే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ ఉంటే దూరం జరపండి, యూఎస్‌బీ 3 చేసే రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. కేబుల్ మీద స్పీడు 100 దగ్గరే ఆగిపోతే కేబుల్ మార్చండి, గిగాబిట్‌కి లోపల నాలుగు జతల తీగలూ కావాలి, ఒక్కటి తెగినా 100కి దిగుతుంది.

ఇవి మాత్రం చెయ్యకండి

ఐఎఫ్‌కాన్ఫిగ్ కొట్టమని ఏ గైడ్ అయినా అంటే దాని వయసు చూసుకోండి. ఆ కమాండ్ ఇప్పుడు చాలావాటిలో ముందే వేసుండదు, దాన్ని వేసుకోడానికి నెట్ కావాలి, నెట్ ఉంటే మీకు దాంతో పనే లేదు. నెట్‌వర్క్‌మేనేజర్ ఉండగానే ఇంకో నెట్‌వర్క్ ప్రోగ్రామ్ తెచ్చి పెట్టొద్దు, రెండూ ఒకే కార్డు కోసం కొట్టుకుంటాయి. ఐపీవీ6 ఆపెయ్యమనే సలహా ప్రతిచోటా కనపడుతుంది, పనిచేసేది అరుదు, పరీక్షకి ఆపినా తర్వాత తిరిగి పెట్టండి. రీఇన్‌స్టాల్ అయితే అసలొద్దు, డ్రైవర్ లేకపోతే రీఇన్‌స్టాల్ చేసినా ఉండదు, రూటర్ పాడైతే రీఇన్‌స్టాల్‌తో బాగవ్వదు.

బాగైందని ఎలా తెలుస్తుంది?

పేజీ ఒకటి తెరుచుకుంది కదా అని ఆపెయ్యొద్దు. రీస్టార్ట్ చెయ్యండి, ఏ కమాండూ కొట్టకుండా నెట్ దానంతటదే రావాలి. మూసి రెండు నిమిషాలాగి తెరవండి, మళ్ళీ రావాలి. ఆ తర్వాత రూటర్‌కి వంద పింగ్‌లు:

పింగ్ -సీ 100 192.168.1.1

చివర్న ప్యాకెట్ లాస్ 0% ఉండాలి, వైఫైలో ఒకటి పోయినా పర్లేదు. అయిదారు పోతుంటే సిగ్నల్ బాలేదు, రూటర్ దగ్గరికెళ్ళి ఇంకోసారి చెయ్యండి, అక్కడ సున్నా వస్తే ఇక తప్పు గోడలదే.

ఇన్ని చేసినా కుదరకపోతే ఎవర్నైనా అడగండి, కానీ అడిగేటప్పుడు లైనక్స్ పేరు, వెర్షన్, ఎల్ఎస్‌పీసీఐ -కే లో వచ్చిన నెట్‌వర్క్ కార్డు లైన్లు, ఎన్ఎంసీఎల్ఐ డివైస్, ఐపీ ఏ, ఐపీ ఆర్ జవాబులు, మూడు పింగ్‌ల్లో ఏది ఎక్కడ ఆగిందో మొత్తం కాపీ చేసి పెట్టండి. ఫోన్‌తో వంకరగా తీసిన స్క్రీన్ ఫొటో పెడితే చదవలేక చస్తాం. వైఫై పాస్‌వర్డ్, ఐపీ ఏ లో లింక్/ఈథర్ పక్కనుండే మ్యాక్ అడ్రస్ మాత్రం చెరిపేసి పెట్టండి.